డబ్బాకి బొట్టు ఎక్కడ పెట్టాలి

భిలాయి ఉక్కు ప్లాంటు పక్కన ఖుర్సీపార్‌లో కేబుల్ లైను పని నా చేతికి వచ్చింది, సెట్‌టాప్ డబ్బా లేకపోతే ఇక టీవీ రాదని ప్రభుత్వం చెప్పిన ఏడాది, విశ్వకర్మ పూజకి పదిహేను రోజుల ముందు. అంతకుముందు ఆ లైను మా ఆయన సూరన్నది. ఆయన కామెర్లతో పోయి అప్పటికి ఆరు నెలలు. నాకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. ఇది నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఎక్కడైనా మాట మరీ మర్యాదగా కనిపిస్తే అది తనదని అనుకోండి.

కేబుల్ పనిలో హోదాలు మూడే. పైన కంట్రోల్ రూము యజమాని, అందరూ సేఠ్ అనేవారు. ఆయన కింద బల్ల దగ్గర కూర్చుని చెడిపోయిన సామాను చూసే టెక్నీషియన్ దూబేగారు. అందరికంటే కింద లైను మనిషి. లైను మనిషికి దక్కేవి స్తంభాలు, డాబాలు, ఎండ, కుక్కలు. నేను ఈ మూడో హోదాలో చేరాను. సేఠ్ పెట్టిన షరతు ఒక్కటే: విశ్వకర్మ పూజ లోపల మా తెలుగు వీధి మొత్తానికి డబ్బాలు బిగించాలి, ఫిర్యాదు రాకూడదు. వస్తే లైను భిలాయి-3 నుంచి వచ్చే ఒక మగమనిషికి వెళ్ళిపోతుంది. ఆ లైను తప్ప నా ఇంట్లో పొయ్యి వెలిగించేది మరొకటి లేదు.

పాత రోజుల్లో తీగ తిన్నగా టీవీ వీపులో గుచ్చితే బొమ్మ వచ్చేది. టీవీలోని ట్యూనరే ఛానెళ్ళు వెతుక్కునేది. కొత్త పద్ధతిలో తీగ ముందు డబ్బాలోకి వెళ్ళాలి, డబ్బా నుంచి మూడు రంగుల తీగలు టీవీకి రావాలి. పసుపు బొమ్మకి, ఎరుపూ తెలుపూ మాటకి. తీగ పైతోలు గోరంత కోసి, లోపలి రాగి పోగు వంగకుండా పిన్ను బిగించాలి. డబ్బా అడుగున ఉన్న నంబరు చూసి కంట్రోల్ రూముకి ఫోనులో చదవాలి. వాళ్ళు అక్కడ తెరిస్తే, టీ తాగేంత సేపటికి ఇక్కడ బొమ్మ వస్తుంది. ఆ డబ్బాకి మీటలు లేవు, అంతా రిమోటే. కరెంటు ఇవ్వగానే మొదట సేఠ్‌గారి సొంత ఛానెల్ వస్తుంది. అందులో పొద్దున్నించి రాత్రిదాకా వరి పంటకి పట్టే పురుగుల గురించి ఒక పెద్దమనిషి చెబుతూ ఉంటాడు. అక్కడి నుంచి రిమోటుతో తప్పించుకోవాలి.

మొదటి వారంలో పదకొండు ఇళ్ళు చేశాను. ప్రతి ఇంట్లో రిమోటు నొక్కి, ఛానెళ్ళు తిప్పి చూపించాకే లేచాను. వారం తిరిగేసరికి పదకొండూ చచ్చాయి. దీపాలు వెలుగుతున్నాయి, పురుగులాయన మాట్లాడుతున్నాడు, రిమోటు మాత్రం ఎంత నొక్కినా పలకడం లేదు.

మా పద్ధతిలో బిగించడం లైను మనిషి పని, ఫిర్యాదు బల్ల పని. జనం డబ్బాలు సంచుల్లో వేసుకుని కంట్రోల్ రూముకి పోయారు. దూబేగారు పద్ధతి గల మనిషి. ఏ డబ్బా వచ్చినా ముందు తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తాడు, తరువాతే కరెంటు ఇస్తాడు. ఇచ్చి రిమోటు నొక్కితే పదకొండూ బంగారంలా పని చేశాయి. డబ్బాలు ఇంటికెళ్ళాయి, మర్నాడు మళ్ళీ చచ్చాయి.

సేఠ్ నన్ను పిలిపించాడు. పక్కనున్న కోహ్కాలో మిగతా లైను మనుషులు బిగించినవి అన్నీ బాగానే ఉన్నాయని, నావి మాత్రం నేను ఇల్లు దాటగానే పోతున్నాయని అన్నాడు. దూబేగారు పక్కనుంచి, "పైడమ్మా, నా బల్ల మీద చక్కగా నవ్వుతుంది, నీ వీధికి పోగానే మూర్ఛపోతుంది. నేను దేనికి మందు వెయ్యాలి, డబ్బాకా, వీధికా?" అన్నాడు. పూజకి ఇంకా ఆరు రోజులుంది. ఆ లోపల ఫిర్యాదులు ఆగకపోతే స్తంభాల పెట్టెల తాళాలు, నిచ్చెన అప్పజెప్పమన్నాడు సేఠ్.

వీధిలో అప్పటికే ఇంకో మాట నడుస్తోంది. నా చెయ్యి మంచిది కాదట. మొగుడు పోయిన చెయ్యి అంట. ఎదురుగా ఎవరూ అనలేదు. అలాంటి మాట ఎదురుగా అనరు, గిన్నె గట్టిగా పెట్టి వినిపిస్తారు.

పన్నెండో ఇల్లు రమణమ్మ వదినది. ఆవిడ భర్త అప్పారావన్నయ్య రోలింగ్ మిల్లులో చార్జ్‌మన్. అత్తగారు గౌరమ్మకి ఎనభై దగ్గర పడినా గొంతుకి పాతికే. గౌరమ్మత్త చూసే సీరియల్‌లో ఆ సాయంత్రం పెళ్ళి ఉంది. ముహూర్తం ఏడింటికి. అందుకే నా చెయ్యి ఎలాంటిదైనా సరే రమ్మన్నారు.

బిగించాను, నంబరు చదివాను, బొమ్మ వచ్చింది, రిమోటు తిప్పాను. అన్నీ పలికాయి, తిరిగి తిరిగి మళ్ళీ పురుగులాయన దగ్గరికే వచ్చాను. గౌరమ్మత్త పసుపు కుంకుమ గిన్నె తెమ్మంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొత్త సామాను ఏది వచ్చినా, బాగుచేయించి తెచ్చినా, మా వీధిలో బొట్టు పెట్టి హారతి ఇస్తారు. మిక్సీకి, సైకిలుకి, ఫ్రిజ్జుకి, అన్నిటికీ. ఆ గిన్నె లోపలి నుంచి రాగానే నేను సామాను సర్దుకుని అరుగు మీదికి పోయేదాన్ని. నన్ను ఎవరూ పొమ్మనలేదు. పోకపోతే ఏమంటారో తెలుసు కాబట్టి, ఆ అవకాశం ఇవ్వకుండా నేనే పోయేదాన్ని. పదకొండు ఇళ్ళలోనూ అంతే.

ఆ సాయంత్రం వాన అరుగు మీదికి కొట్టేస్తోంది. నిచ్చెన ఇనుపది, మెరుపులు. గుమ్మం లోపలే గోడ వారగా నిలబడ్డాను. మొహం గోడవైపే పెట్టుకున్నాను గానీ, ఎదురుగా స్టీలు బీరువాకి అద్దం ఉంది. అందులో అంతా కనిపిస్తోంది.

డబ్బా ముఖం మీద రెండు పచ్చ దీపాలు, కళ్ళలా. వాటి మధ్య కాస్త పైన నల్లటి గుండ్రటి అద్దం. రిమోటు మాట డబ్బా వినేది అక్కడే, మేము దాన్ని కన్ను అంటాం. కానీ చూసేవాళ్ళకి అది అచ్చం నుదురు. మా ఆడవాళ్ళ వేలికి ఆ చోటు ఎవరూ చూపించక్కర్లేదు. గౌరమ్మత్త ముందు పసుపు ముద్ద అద్దింది. దాని మీద శనగగింజంత కుంకుమ. హారతి తిప్పి, రిమోటు అందుకుని నొక్కింది.

పురుగులాయన కదల్లేదు.

"సూసినావేటే రమణా! ఇది గుమ్మంలో నిలబడింది, అది సచ్చింది!"

"అత్తా," అన్నాను, "ఆ బొట్టు ఒక్కసారి తుడవండి."

ఆ మాట నా నోటి నుంచి రాకూడని మాట అని అన్నాక తెలిసింది.

"ఏటే! శుభమా అని ఎట్టిన బొట్టు తుడవమంటావా? ముత్తయిదువులున్న ఇంట్లో, మొదటి రోజే! నీ బొట్టు పోనాదని డబ్బా బొట్టు కూడా తీయించేత్తావేటి?"

"డబ్బాకి మొగుడున్నాడేటమ్మా," అన్నాడు అప్పారావన్నయ్య. మొదటి షిఫ్టు దిగి, మంచం మీద పడుకుని ఉన్నాడు.

"నువ్వు నోరుముయ్యి."

నేను కన్ను సంగతి చెప్పాను. మీ కళ్ళకి పసుపు మెత్తితే మీకు మాత్రం ఏం కనిపిస్తుందన్నాను. రమణమ్మ వదినకి అర్థమైంది గానీ అత్తగారి ముందు వేలు కదలలేదు. గోడ గడియారం ఏడుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"మూడిళ్ళ అవతల బుజ్జమ్మ కూడా వారం నించి పురుగులే సూస్తోంది," అంది వదిన. "పెళ్ళి కూడా పురుగులతోటే అయిపోతాది, అత్తా."

అప్పుడు అప్పారావన్నయ్య లేచి కూర్చున్నాడు. ప్లాంటులో షిఫ్టు మారే పద్ధతి చెప్పాడు. రిలీవర్, అంటే తరువాతి షిఫ్టు మనిషి, వచ్చి చార్జి తీసుకునేదాకా పాతవాడు మెషీను వదలకూడదు. మెషీను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉండదు.

"అమ్మా, తుడవొద్దు. ముందు డబ్బా నెత్తిన, మూత మీద, ఇంకో బొట్టెట్టు. అది చార్జి తీసుకున్నాక, కింద ఉన్నది డ్యూటీ దిగిపోతాది. డబ్బా బొట్టు లేకుండా ఒక్క సెకను ఉండదు. బస్."

గౌరమ్మత్త ఆలోచించింది. గడియారం చూసింది. మూత మీద కుడి మూల బొట్టు పెట్టింది. కింది బొట్టుని వదిన కొంగుతో దింపింది. అత్త నొక్కింది. పురుగులాయన పోయి పెళ్ళి పందిరి వచ్చింది. వధువు అప్పుడే ఏడుపు మొదలుపెట్టింది.

"కూకోయే," అంది అత్త నాతో, తెర మీద నుంచి చూపు తియ్యకుండా. "తాళి కట్టీదాకా కూకో. మళ్ళీ గుమ్మంలో నిలబడీకు."

మర్నాడు పదకొండు ఇళ్ళూ తిరిగాను. షిఫ్టు మార్పు సంగతి నేను చెప్పక్కర్లేకుండానే వీధంతా చేరిపోయింది. ఒకాయన అయితే గంట కొట్టి మరీ మార్పించాడు. కంట్రోల్ రూములో ఈ ముచ్చట చెబితే దూబేగారు చాలాసేపు తన గుడ్డకేసి చూసుకున్నాడు. ప్రతి డబ్బా మీదా ఎర్రగా ఏదో ఉండేదట. ఖుర్సీపార్ కదా, ప్లాంటు దుమ్ము అనుకుని తుడిచేశాడట. సేఠ్ నవ్వలేదు. కోహ్కాలో వాళ్ళు ఏం పెడతారని అడిగాడు. వాళ్ళు మూతకి దారం కడతారన్నాడు దూబేగారు. పూజ రోజున సేఠ్ నిచ్చెనకి దండ వేయించి, నిచ్చెన నాకే ఇచ్చాడు.

ఆ తరువాత పధ్నాలుగేళ్ళ వనవాసమంత కాకపోయినా చాలా ఏళ్ళు, మోకాళ్ళు ఒప్పుకున్నంతకాలం ఆ లైను చేశాను. నా పద్ధతిలో ఒక్క మెట్టు పెరిగింది: పిన్ను, నంబరు, ఫోను, బొమ్మ, బొట్టు, ఆ తరువాతే రిమోటు చేతికివ్వడం. మొదట్లో చోటు చూపించి వాళ్ళచేత పెట్టించేదాన్ని. వేళ్ళు అలవాటుగా నుదుటికే పోయేవి. చివరికి గౌరమ్మత్తే ఇంకో గదిలోకి రెండో డబ్బా తెప్పించినప్పుడు, గిన్నె నా ముందు పెట్టి, "నువ్వే ఎట్టీ, మాకు సోటు తెలీదు," అంది. అప్పటి నుంచి వీధిలో డబ్బాలకి బొట్టు పెట్టేది లైను మనిషే. మూత మీద, కుడి మూల, వెనక్కి.

ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. మనం బిగించాక ఇంట్లోవాళ్ళు దానికి ఏం చేస్తారో చూసేదాకా పని అయినట్టు కాదు. గిన్నె లోపలి నుంచి వచ్చే వేళకి అరుగు మీదికి పోవద్దు. నేను పోవడం మానేశాను.