రెండు సుద్దగీతల నడుమ

ప్రేమదాసు మొయినాబాద్‌లో ఏదో లాడ్జికి పోయి, లోపలున్న బిడ్డను రెక్క పట్టి ఇంటికి ఈడ్చుకొచ్చాడట. చేవెళ్లలో ఆ మాట చాయ్ హోటల్ దగ్గర పుట్టి చర్చి మెట్ల దాకా వచ్చింది.

"రెసిడెన్సీల ఉంటున్నదని తల్లే చెప్పె. ఏసీ రూమా, నాన్ ఏసీనా?" కిరాణా కొట్టు రాజమౌళి అంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సబ్బు కోసం వచ్చిన ప్రేమదాసు కూతురు కృపాజ్యోతి కొనకుండానే వెనక్కి తిరిగింది.

ఈడ్చుకొచ్చాడన్నది అబద్ధమని ఆమెకు తెలుసు. లాడ్జికి పోయాడన్నది మాత్రం నిజమేనట, ఆటో నడిపే పాండు కళ్లారా చూశాడట. ఆమెను తినేసింది ఆ నిజమే. బాపు తనను అనుమానించాడా?

ప్రేమదాసు ఒకప్పుడు బోర్డులు రాసేవాడు. చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా దుకాణాల పేర్లన్నీ ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకు మిగిలింది సమాధుల తోటలో సున్నం వేసిన సిలువల మీద పేర్లు రాయడం. ఇంటర్ మధ్యలో ఆగిపోయిన కృపాజ్యోతి రంగు డబ్బా పట్టుకుని ఆయన వెంట తిరిగేది. దారానికి సుద్ద పూసి ఒక కొస ఆయన, ఒక కొస ఆమె పట్టుకునేవారు. ఆయన మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నగా గీత పడేది. అలాంటివి రెండు గీస్తే, వాటి నడుమ అక్షరాలు.

"గీత దాటిందంటే అక్షరం తాగినట్టు ఊగుతది బిడ్డా" అనేవాడు.

క్రిస్మస్‌కు ఆమె చర్చి గోడ మీద రాసిన వాక్యాన్ని జానకీదేవి చూసింది. మొయినాబాద్ దాటాక ఉన్న ఒక యూనివర్సిటీలో బొమ్మల గ్యాలరీ ఆవిడ చేతిలో ఉంది. అక్కడ ఏటా కొందరు కొత్త చిత్రకారులకు ఉండడానికి గది, రంగులు, ఒక్కొక్కరికి ఒక గోడ ఇస్తారు. పక్కన కూర్చుని చెప్పడానికి ఒక పెద్దదిక్కు కూడా ఉంటుంది. దాన్నే రెసిడెన్సీ అంటారు. చదువు లేనిదాన్ని, నాకెందుకని కృపాజ్యోతి తలుపు చాటుకు పోయింది. పంపింది ప్రేమదాసే.

"పో బిడ్డా. నాకైతే గోడలు లేకుంట వోయినయి. నీకన్న దొరికింది."

అక్కడ మిగతావాళ్లంతా కాలేజీల్లో నేర్చినవాళ్లు. వాళ్లు మాట్లాడుకుంటుంటే ఆమె బ్రష్‌లు కడుగుతూ నిలబడేది. జానకీదేవి వచ్చి, "వాళ్లలా వేయాలని చూడకమ్మా. నీ చేతికి ఏది తెలుసో అదే వెయ్యి" అంది.

కృపాజ్యోతి బాపు రాసిన పేర్లు వేసింది. ఇప్పుడు లేని సైకిల్ షాపు, మూతబడ్డ కట్టెల అడితి, టైలరు, సోడా కొట్టు, అన్నీ బాపు అక్షరాల్లోనే. అడుగున ఒక వరుస మాత్రం రెండు సుద్దగీతలు కొట్టి వదిలేసింది.

"ఇక్కడేం రాస్తావు?" అంది జానకీదేవి.

"నేను కాదు మేడం, మా బాపు రాస్తడు."

ఇంటికి ఫోన్ చేసింది. "బాపూ, ఆఖరి రోజు జనం వస్తరు. నువ్వు రెసిడెన్సీకి రా. బ్రష్ తెచ్చుకో."

"రెసిడెన్సీనా? మొయినాబాద్‌ల రోడ్డు మీదున్నది, గదేనా?"

"ఆఁ, గదే. దారి ఎరుకేనా?"

"నాకెందుకు ఎరుకలేదే!" అని నవ్వాడు.

ఆఖరి రోజు ఆమె బాపు కోసం గేటు దగ్గరే నిలబడింది. ఇంటికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగింది. తల్లి విమలమ్మ పూలతోటలో కూలికి పోయింది. లోపల ఎవరో ఆమె గోడ చూసి, "ఆ ఖాళీ వదలడం ఉంది చూశారూ, అద్భుతం!" అన్నారు. ఆమె తల దించుకుంది.

మర్నాడు తర్వాతి ప్రదర్శన కోసం గోడకు తెల్లరంగు కొట్టేశారు. "మా గోడలింతేనమ్మా, ఎవరి బొమ్మా ఉండదు" అని జానకీదేవి ఆమె భుజం మీద చేయి వేసింది.

ఇంటికి వచ్చేసరికి ప్రేమదాసు మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. ఆయనా ఏమీ అడగలేదు. ఊళ్లో మాట చెవిన పడ్డాక అడగడానికి నోరు అసలే రాలేదు. వచ్చే ఏడు తనకు తోడుగా ఉండమని జానకీదేవి కబురు పెడితే పోలేదు. చలికాలంలో ఆయనకు దగ్గు ఛాతీకి దిగింది. ఈస్టర్ రాకముందే దవాఖానలో పోయాడు.

సిలువ మీద ఆయన పేరు తనే రాస్తానంది కృపాజ్యోతి. దారం రెండో కొస పట్టుకునే మనిషి లేడు. చుట్టాలను ఆటోలో తెచ్చిన పాండు వచ్చి పట్టుకున్నాడు.

"అక్కా, మొయినాబాద్‌ల గా రెసిడెన్సీ లాడ్జి బోర్డు గూడ మీ బాపు రాసిందేనట గదా? గా దినం దాని కిందనే పొద్దూకేదాంక కూసున్నడు పాపం. 'నా బిడ్డ రాసిన గోడ ఏది, జర చూపియ్యుండ్రి' అని వచ్చినోళ్లనల్లా అడిగిండు. అందరు నవ్విండ్రు. 'నలుగుర్ల నన్ను చూసి బిడ్డ సిగ్గువడి బయటికొస్తలేదేమో' అనుకుంట లేచి పోయిండు."

కృపాజ్యోతి చేతిలో దారం వదులైంది. గదేనా అని ఆయన అడిగాడు. గదే అని తనే అంది. ఆయనకు తెలిసిన రెసిడెన్సీ ఆయన చేత్తో రాసిన ఆ ఒక్క బోర్డే.

"గట్టిగ పట్టుకో అక్కా, గీత వంకర వడుతది" అన్నాడు పాండు.

ఆమె దారం బిగించి పట్టుకుని, లాగి వదిలింది.

ప్రేమదాసు ఆ రోజు లాడ్జికి పోయింది బిడ్డ గోడ చూడడానికి. చర్చికి తొడిగే తెల్లచొక్కా వేసుకున్నాడు. జేబులో బ్రష్ పెట్టుకున్నాడు.