నమూనా రికార్డు నా ట్రంకులో ఉన్న కాలం

నైజాం మీద పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది, ఒక నాటకం రికార్డు కోసం రెండు సర్కార్లతో పోరాడి గెలిచినవాణ్ణి నేను. సరిహద్దు చౌకీలో ఆగిపోయిన రికార్డు పెట్టె ముందు నిలబడి, అటు నైజాం కస్టమ్స్ వాళ్ళకూ ఇటు ఇండియన్ యూనియన్ పోలీసులకూ చెరో పద్యం వినిపించి, వాళ్ళు కళ్ళు ఒత్తుకునేలా చేసి, పెట్టె విడిపించుకుని సికింద్రాబాదు తెచ్చాను. ఏ.ఎస్. రావు నగర్ పార్కు బెంచీ మీద ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. చెప్పిన ప్రతిసారీ చౌకీలో ఒక జవాను కొత్తగా ఏడ్చేవాడు.

ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొంచెం తగ్గించుకోవాలి. నేను ఏ చౌకీకీ పోలేదు. పెట్టె దానంతట అదే వచ్చింది, నెలలు ఆలస్యంగా. అది వచ్చిన తరువాత జరిగిన ఆలస్యం ఉందే, అది మాత్రం పూర్తిగా నా సొంతం.

మాది ఒక చిన్న నాటక సమాజం. రైల్వే గుమాస్తాలు, బట్టల కొట్ల వాళ్ళు, ఒక బడిపంతులు. నాది హార్మోనియం. మా రాజు వేషం ఒక దర్జీది. ముస్లిం. వారమంతా మిలిటరీ వాళ్ళ కోట్లకు కాజాలు కుట్టేవాడు. నాటకం రోజున కిరీటం పెట్టుకుని, రాజ్యం పోగొట్టుకున్న రాజై పద్యం ఎత్తుకుంటే వెనక వరుసల్లో బీడీలు ఆరిపోయేవి.

ఆయన ఇంట్లో మాత్రం ఒక కట్టుబాటు ఉండేది. వేషాలు కట్టడానికి తండ్రి ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడట: గడప లోపల కూనిరాగం కూడా తీయకూడదు. తండ్రి పోయాక కూడా ఆయన ఆ మాట తప్పలేదు. భార్యకు ఘోషా, నాటకానికి వచ్చేది కాదు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆమె తన భర్త పద్యం ఒక్కటీ వినలేదు.

ఒక గ్రామఫోన్ కంపెనీ మా నాటకాన్ని రికార్డు చేస్తానన్నప్పుడు, ఎవరి పేరు పైన పడాలని మేమంతా కొట్లాడుకుంటున్నాం. ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"తమ్మీ, గ్రామఫోన్ డబ్బ పాడితే నేను పాడినట్టు కాదు గద? నోరు తెరిచేది నేను కాదు."

"నువ్వెందుకైతవ్ ఉస్తాద్! డబ్బనే పాడుతది."

"గట్లయితే మా ఇంటామె ఇంటది. జెర జల్ది కానీయుండ్రి." అని గొంతు తడుముకున్నాడు.

ఆ గొంతులో అప్పటికే గడ్డ మొదలయింది. మింగుడు తక్లీఫ్ అయితుందనేవాడు. ఇక పాడొద్దని డాక్టరు చెప్పేశాడు. ఆయన తొందరకు అదీ కారణం.

రికార్డు ఎందుకు అంత ఆలస్యమైందని అడిగితే అందరూ రాజకీయం చెబుతారు. మొదటి ఆలస్యానికి కారణం చప్పట్లు. మా నాటకాల్లో పద్యం అయిపోగానే జనం చప్పట్లు కొట్టి "వన్స్ మోర్" అని అరుస్తారు. అరిస్తే మళ్ళీ పాడాలి. అరవకపోతే పద్యం పోయిందన్నమాట, అప్పుడు నటుడు పరువు కోసం ఇంకాస్త గట్టిగా మళ్ళీ ఎత్తుకుంటాడు. ఎటు చూసినా రెండుసార్లు పాడటమే మాకు అలవాటు.

మద్రాసు నుంచి వచ్చిన యంత్రం మనిషి ముందే చెప్పాడు. "అయ్యా, ఒక పక్కకు మూడు నిమిషాల పైచిలుకే పడుతుంది. పద్యం అవగానే ఊపిరి కూడా గట్టిగా తీయకండి."

పాట ఎక్కే మైనపు పళ్ళెం తిరగడం మొదలైంది. మా దర్జీ ప్రాణం పెట్టి పాడాడు. పద్యం అయింది. హాల్లో ఎవరూ కదల్లేదు. ఆయన ముఖం పాలిపోయింది. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. నేను తక్కువవాణ్ణా? హార్మోనియంతో వెంటబడ్డాను. పళ్ళెం మీద చోటు అయిపోయి పద్యం సగం పాదంలో తెగిపోయింది.

"ఇదేం పని? అంత బాగా వచ్చిందే!" అన్నాడు యంత్రం మనిషి.

"బాగొస్తే ఒక్కడు సుత వన్స్ మోర్ అనడేంది?" అన్నాడు దర్జీ.

రెండో పళ్ళెమూ అలాగే పోయింది. మూడోసారి మా పంతులు ఎదురుగా నిలబడి, చప్పుడు కాకుండా రెండు చేతులూ చప్పట్లు కొట్టినట్టు గాలిలో ఆడించాడు. అది చూసి దర్జీ నవ్వుతూ ఆగాడు. పళ్ళేలు చాలక, మిగిలిన పద్యాల కోసం యంత్రం మనిషి మళ్ళీ రావాల్సి వచ్చింది. అలా రెండు నెలలు పోయాయి.

ఆ తరువాత పళ్ళేలు ఎక్కడో దూరాన ఉన్న ఫ్యాక్టరీకి పోయాయి. ఆలోగా యూనియన్‌కూ నైజాంకూ మధ్య రాకపోకలు బిగిసిపోయాయి. ఉప్పుకూ మందులకూ కటకట అయితే రికార్డు ఎవరికి పట్టింది? ఎండాకాలం ముదిరాక గాని నమూనా రాలేదు. అమ్మకానికి ముందు కంపెనీ ఒక రికార్డు అచ్చు తీసి పంపుతుంది. పాడినవాడు విని, బాగుందని సంతకం చేసి పంపితే మిగతావి తయారవుతాయి. దర్జీకి ఇవ్వమని ఆ నమూనాను సమాజం పెద్ద నా చేతిలో పెట్టాడు.

నేను ముందు రికార్డుల దుకాణానికి పోయి వేయించుకుని విన్నాను. ఆయన గొంతు అద్భుతం. రెండో పక్క, సరిగ్గా పద్యం దిగేచోట, హార్మోనియం మీద నా వేలు జారి పక్క మెట్టు తగిలిన చప్పుడు పడింది. దుకాణం మనిషికి అది వినబడనే లేదు. నాకు ఇంకేమీ వినబడలేదు. ఊరూరా ఆ తప్పు తిరుగుతుందని ఊహించుకుని, రికార్డును ఇంట్లో ట్రంకులో బట్టల కింద పెట్టాను. రెండో పక్క మళ్ళీ తీయాలని కంపెనీకి రహస్యంగా ఉత్తరం రాశాను. పరిస్థితులు చక్కబడ్డాక చూద్దామని జవాబు వచ్చింది.

దర్జీ దుకాణం ముందు నుంచి పోయిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"అచ్చిందా తమ్మీ?"

"ఏడ ఉస్తాద్! సరిహద్దు బంద్ ఉన్నది గద."

ఆయనకు కనీసం వినిపించవచ్చు కదా అని మీరు అనవచ్చు. వినిపిస్తే అక్కడికక్కడే సంతకం పెట్టేస్తాడు. నా భయం అదే. ఆయన గొంతు రోజురోజుకూ బొంగురుపోతోంది. రెండో పక్క మళ్ళీ తీయాలంటే పాడటానికి ఏ గొంతు మిగిలి ఉంటుందో, ఆ మాట నేను ఆలోచించదలచుకోలేదు.

ఇంతలో పోలీస్ యాక్షన్ వచ్చింది. ఐదు రోజుల్లో అయిపోయింది. ఆ తరువాతి వారాల్లో దాడుల భయంతో ముస్లింల ఇళ్ళ తలుపులు తెరుచుకోలేదు. దర్జీ దుకాణమూ తెరవలేదు. ఆయన బోయిన్‌పల్లిలో బంధువుల ఇంట్లో ఉన్నాడని తెలుసు. నడిచిపోయే దూరమే. పోలేదు. భయమని అందరికీ చెప్పాను. ట్రంకులో దాచినది ఏ ముఖంతో చూపించను? అదీ అసలు సంగతి.

చివరికి పోయాను. అరువు తెచ్చిన గ్రామఫోన్ పరదాకు ఇవతల పెట్టి వేశాను. మాట పూర్తిగా పడిపోయి, ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పరదా అవతల ఆమె ఏడ్చింది. ఆయన కాగితం మీద సంతకం పెట్టాడు. నేను చేసిన తప్పంతా ఆ ఒక్క పద్యంతో తీరింది.

ఇంతవరకు రాసి, మొన్న కాప్రా పోయి దర్జీ కూతురికి చదివి వినిపించాను. అప్పట్లో పదేళ్ళ పిల్ల, ఇప్పుడు మనవలున్న మనిషి. చివరి పేరా దాకా విని, చేతిలోని చాయ్ కప్పు కింద పెట్టింది.

"బంద్ జేయ్ చాచా. పోయినోడు సంతకం పెడతడా? మా అబ్బా పోయిన నలభై దినాలకు నువ్వచ్చినవ్. రికార్డు గడప మీద పెట్టి, లోపటికి సుత రాక, తల వంచుకొని పోయినవ్. మా ఇంట్ల గ్రామఫోన్ ఏడిది? దాన్ని ఇనకనే మా అమ్మ సచ్చిపోయింది."