ఆగింది బావా!

రేవులో మా బావని అందరూ చెవి మేస్త్రి అంటారు. వాటర్ స్కూటర్ ఇంజను కాస్త మోగితే చాలు, దాని రోగమేమిటో ఇట్టే చెప్పేస్తాడు. ఆ చెవి మీదే ఆయన పేరూ, మా షెడ్డూ నిలబడ్డాయి. స్కూటర్లని నీళ్ళలోంచి లాక్కొచ్చే పని నాది. మిగతాదంతా ఆయనదే.

అలాంటి మేస్త్రిని లైఫ్‌గార్డుల స్కూటరు ముప్పుతిప్పలు పెట్టింది. మునిగిపోతున్నవాళ్ళని లాగడానికి వాళ్ళకున్నది ఆ ఒక్క బండే. నాచు ఇరుక్కుందని తెస్తే తీసేశాడు. మర్నాడు అసలు స్టార్టే కాలేదు. ప్లగ్గులు విప్పితే తడి. ఆరబెట్టి నడిపితే నడిచింది, తెల్లారేసరికి మళ్ళీ తడి. నీళ్ళు ఎక్కడ కారుతున్నాయోనని బావ గొట్టాలన్నీ విప్పి చూశాడు. ఎక్కడా చిల్లు లేదు. అన్నం కూడా సయించడం లేదని అక్క బాధపడింది.

లైఫ్‌గార్డుల పెద్ద వచ్చి, "రేపటికి కాకపోతే ఇంకో షెడ్డుకి తీసుకెళ్తాం మేస్త్రీ, ఏమనుకోకు," అన్నాడు. బావ తల కూడా ఎత్తలేదు. ఈమధ్య ఆయనకి పొగరెక్కిందని నాకు ఒళ్ళు మండింది.

గట్టు మీద ఇంజను నడిపితే చల్లబడటానికి గొట్టంతో నీళ్ళివ్వాలి. ముందు ఇంజను, తర్వాత నీళ్ళు. ఆపేటప్పుడు ముందు నీళ్ళు కట్టెయ్యాలి. ఇంజను ఆగాక కూడా కొళాయి తెరిచే ఉంటే ఆ నీళ్ళన్నీ ఇంజనులోకే పోతాయి. ఇది నాకు తిట్టి మరీ నేర్పింది ఆయనే.

ఆ మధ్యాహ్నం బావ బటన్ నొక్కి, గోడ దగ్గరికెళ్ళి కొళాయి తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆయన అటు తిరిగే నిలబడి, తల ఓ పక్కకి వంచి వింటున్నాడు. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"ఆగింది బావా!" అని అరిచాను.

"బాగుంది కదా! నేను చెప్పలా?" అన్నాడు సంబరంగా.

వేళాకోళం చేస్తున్నాడనుకున్నాను. ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు. ఇంజను ఆగిన సంగతి ఆయనకి వినబడనే లేదని అప్పుడు అర్థమైంది నాకు. పరుగెత్తి కొళాయి కట్టేసి, ఆయన చెయ్యి పట్టుకుని బండి మీద పెట్టాను. చలనం లేని బండి మీద ఆ చెయ్యి చాలాసేపు ఉండిపోయింది. ఆయన మొహం చూస్తే ఏడుపొచ్చింది నాకు.

"అయితే నీళ్ళు పోసింది నేనేనా?" అన్నాడు.

ఇద్దరం ప్లగ్గులు విప్పి లోపలి నీళ్ళన్నీ కక్కించాం. మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు కొళాయి దగ్గర నేను నిలబడ్డాను. ఆయన అరచెయ్యి బండి మీంచి తియ్యలేదు. కాసేపటికి, "లోపల ఒక ప్లగ్గు సరిగ్గా పనిచెయ్యట్లేదు, మార్చు," అన్నాడు. మార్చాను. సాయంత్రం లైఫ్‌గార్డులు వచ్చి బండి నడుపుకుంటూ వెళ్ళిపోయారు.

షెడ్డు మూస్తుంటే బావ చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "మీ అక్క ఏడాదిగా ఏం చెప్పాలన్నా పొయ్యి దగ్గర్నుంచి లేచి నా ఎదురుగా వచ్చి చెప్తోందిరా. ఈ వయసులో ప్రేమ పెరిగిందనుకున్నాను."

నేను చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"పెరగకపోతే లేచి ఎందుకొస్తుంది బావా?" అన్నాను.