ఎదుటి కుర్చీ

రాయబారుల విందుల్లో ఒక పద్ధతి ఉంది. భార్యాభర్తల్ని పక్కపక్కన కూర్చోనివ్వరు. రాయబారిని నేను కాబట్టి నాకు కుడివైపు ఆ దేశపు మంత్రి, ఎడమవైపు ఇంకో పెద్దమనిషి. మావారు బల్లకు అటువైపు, సరిగ్గా నాకెదురుగా. ఏ దేశానికి బదిలీ అయినా ఇదే తంతు. నాకు ఒళ్లు మండేది. పెళ్లి బంతి తర్వాత ఆయన పక్కన కూర్చుని తృప్తిగా తిన్న భోజనాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఒకసారి ఒక దేశంలో అలాంటి విందులోనే, అక్కడి రేవులో చిక్కుకున్న మన నావికుల్ని వదిలిపెట్టమని మంత్రిని అడుగుతున్నాను. మంత్రి నవ్వుతూ మాట దాటేస్తున్నాడు. నాకసలే ముక్కు మీద కోపం. గొంతు లేవబోతుండగా, ఎదురుగా మావారు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. జర తగ్గమని మా మధ్య సైగ అది. తగ్గాను. కాఫీలు వచ్చేసరికి మంత్రీ మెత్తబడ్డాడు. నావికులు ఇళ్లకు చేరారు, మెప్పంతా నాకే దక్కింది.

"రిటైరైనంక నీ పక్కనే కూసుంట. ఏ మంత్రి లేపుతడో చూస్త," అనేవారు మావారు.

నల్లగండ్లలో ఫ్లాట్ కొనుక్కుని దిగాక మొదట చేసిన పని అదే. కుర్చీలు పక్కపక్కన వేసుకుని పప్పు, వంకాయకూర తిన్నాం. వారం తిరక్కుండానే ఆయన కంచం పట్టుకుని లేచి, కిటికీ ముందున్న ఎదుటి కుర్చీలో కూర్చున్నారు.

"ఏమైందండీ?"

"పక్కకు కూసుంటే నీ మొఖం కనవడ్తలేదు. ఇన్నేండ్లు చూసుకుంటనే తిన్న. ఇగ గిదే మంచిగున్నది."

నవ్వొచ్చింది. ఆనాటి నుంచి ఎదురెదురుగానే తిన్నాం.

ఆయన పోయి ఏడాది దాటింది. ఐటీ కంపెనీల్లో చేసే పిల్లలు, విదేశీ క్లయింట్లతో ఎలా మెలగాలో అడగడానికి వస్తుంటారు. భోజనం పెట్టి పంపిస్తాను. అందర్నీ నా పక్కనే కూర్చోబెడతాను, ఎదుటి కుర్చీ మాత్రం ఎవరికీ ఇవ్వను. నిన్న ఒకమ్మాయి అన్నం కలుపుకుంటూ, "వ్యూ సూపరున్నదాంటీ. డైలీ ఇది చూసుకుంటనే తింటరా?" అంది.

తలెత్తి చూశాను. కిటికీలో దూరంగా హైటెక్ సిటీ అద్దాల మేడలు మెరుస్తున్నాయి. ఆయన ఉన్నన్నాళ్లూ అక్కణ్ణుంచి ఏం కనిపిస్తుందో నాకు తెలియనే తెలియదు. ఆయన అడ్డంగా ఉండేవారు. మళ్లీ ఒక్కసారి అడ్డం వచ్చి కూర్చుంటే బాగుండు.