చెల్లెలి ఆది జాకెట్టు

స్టాఫ్ నర్సుగా రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటాననుకున్నాను. కూర్చోనిస్తేగా. చచ్చిపోవాలనుకునే మనిషిని చుట్టుపక్కలవాళ్ళే ఎలా గుర్తుపట్టాలి, ఎలా నిలబెట్టుకోవాలి అని మామూలు జనానికి నేర్పే పనిలో మా ఆసుపత్రివాళ్ళే పెట్టారు. నర్సీపట్నంలో ఒక చర్చి వెనక హాలు, రెండు రోజులు, పాతికమంది. ఆ పాఠం నా నోట్లో అరిగిపోయింది. ఒక్కోసారి మాట్లాడుతూనే, పదకొండింటికి వచ్చే ఉప్మాలో ఈసారైనా జీడిపప్పు వేస్తారా అని ఆలోచిస్తుంటాను. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం.

ఈ నీరసం ఊరికే రాలేదు. అంతకుముందు బ్యాచ్‌లో కోటవురట్ల వైపు నుంచి వచ్చినావిడ, నేర్చుకుని వెళ్ళిన నెలలోనే తన వీధిలో ఒక మనిషిని పోగొట్టుకుంది. "మీరు సెప్పినట్టే అడిగానండీ" అని మాత్రం అంది. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

పాఠం మొత్తంలో కష్టమైనది ఒక్క ప్రశ్న. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని, పక్కన ఎవరూ లేనప్పుడు, నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టుకురాదు. అడగకపోతే ఉన్నది బయటికి రాదు. కానీ మన నోళ్ళకు ఆ మాట తిరగదు. నిజంగా పోయినవాళ్ళను కూడా కాలం చేశారంటాం, ప్రభువు దగ్గరికి వెళ్ళారంటాం. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగిస్తే సగంమంది నవ్వేస్తారు, మిగతావాళ్ళు నీళ్ళు నములుతారు.

ఈ బ్యాచ్‌లో మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడ ఉంది. నలభై దాటిన మనిషి, శిక్షణకు కూడా మెడలో టేపు వేసుకునే వచ్చింది. ఆవిడ వంతు వచ్చింది. ఎదురుగా కూర్చున్నావిడ దిగులు నటిస్తూ తల దించుకుంది. ఈవిడ చాలాసేపు చూసి, "అన్నం తిన్నావేటమ్మా?" అంది. హాలంతా నవ్వులు. మళ్ళీ అడగమన్నాను. మళ్ళీ అన్నమే. మూడోసారికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక్కడికి పిలిచింది వడ్డించడానికి కాదని, ఆ మాట అనడం చేతకాకపోతే మిషను దగ్గరికే పొమ్మని అందరి ముందూ అనేశాను. ఆవిడ మెడలో టేపు తీసి వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. సర్టిఫికెట్ అందుకునేటప్పుడు కూడా నా ముఖం చూడలేదు.

మూడు వారాల తరువాత ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసింది. నేను వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని ఉన్నాను. ఏదో సందేహమై ఉంటుంది, రేపు చూద్దాంలే అని ఎత్తలేదు. రెండోసారి మోగింది. అప్పుడూ ఎత్తలేదు. ఏ వేళలోనైనా చేయండి అని హాల్లో బోర్డు మీద నంబరు రాసినదాన్ని నేనే. మూడోసారికి విసుక్కుంటూ ఎత్తాను.

"మేడమ్, మీ జాకెట్టు అయిపోనాది. బేగి రండి."

నేను ఆవిడకు జాకెట్టేమీ ఇవ్వలేదు. తడికాళ్ళతోనే చెప్పులు తొడుక్కున్నాను.

షాపు షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్తే ఇద్దరు మనుషులు నేలమీద కూర్చుని ఒకే క్యారేజీలోంచి పప్పన్నం తింటున్నారు. ఒకరు ఈవిడ. రెండో మనిషికి పాతికేళ్ళుంటాయేమో, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. చుట్టూ కుట్లు విప్పిన జాకెట్లు.

అంతకుముందు జరిగింది నాకు తరువాత తెలిసింది. ఆ అమ్మాయి ఆరు జాకెట్లు తెచ్చింది. ఆరూ తనవే, పెళ్ళినాటి పట్టుదానితో సహా, ఈవిడ కుట్టినవే. కొలతకు చెల్లెలి ఆది జాకెట్టు ఒకటి ఇచ్చి, అన్నీ ఆ సైజుకు బిగించమంది. ఒకటో రెండో చెల్లెలికి ఇవ్వడం మామూలే. ఉన్నవన్నీ ఇచ్చేస్తే తను ఏం తొడుక్కుంటుంది? ఈవిడ అదే అడిగింది. "నాకింకెందుకక్కా" అంది ఆ అమ్మాయి. ఇష్టమైన వస్తువులు పంచేయడం ఒక గుర్తని నేను క్లాసులో ఒక్క ముక్క చెప్పి దాటేస్తాను. ఈవిడ దాటలేదు.

ఇప్పుడే చేసేస్తాను, కూర్చోమంది. కూర్చోబెట్టడానికే ఒక్కో కుట్టూ నెమ్మదిగా విప్పింది. అన్నం తిన్నావా అంటే, నిన్నటినుంచి లేదంది. ఎంత బిగించాలో చూస్తానని లేపి, వెనకనుంచి టేపు చుట్టి, ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా నిలబడి అడిగింది.

"సచ్చిపోవాలనుందేటమ్మా?"

"ఉందక్కా."

ఆ తరువాతంతా నేను నేర్పిన వరసే. దగ్గర దాచుకున్నదేమైనా ఉందా అని అడిగి, ఉందంటే తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేసింది. ఒక్క నిమిషం ఒంటరిగా వదల్లేదు. నాకు ఫోన్ చేస్తూనే ఉంది, నేను కాళ్ళకు కాపడం పెట్టుకుంటూనే ఉన్నాను.

ఆ అమ్మాయి కష్టమేమిటో ఇక్కడ రాయను. అది తన సొంతం. అమ్మనూ చెల్లెల్నీ పిలిపించి, ఆటోలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాం. తిరిగి వస్తుంటే ఈవిడ, "ముందు అన్నం సంగతి అడక్కపోతే ఆ మాట నా నోట్లోంచి రాదండీ" అంది. తరువాత, "రెండుసార్లు ఎత్తలేదేటండీ?" అంది. స్నానం చేస్తున్నానని చెప్పాను. ఇన్నేళ్ళలో నేను ఆడిన అబద్ధాల్లో అంత సిగ్గుగా అనిపించింది ఇంకోటి లేదు.

రెండు నెలలకు ఆ అమ్మాయి చెల్లెలితో కలిసి షాపుకు వచ్చి, తన జాకెట్లు తనకు ఇచ్చేయమంది. ఈవిడ ఆరింటినీ పాత కొలతకే మళ్ళీ కుట్టి ఉంచింది, ఒక్కదానికీ కత్తెర పెట్టలేదు. తొడుక్కుంటే వదులైపోయాయి. బిగించమంటే ఈవిడ ఒప్పుకోలేదు, తిని ఒళ్ళు చేయమంది.

నా పాఠం అదే, మోకాళ్ళు అవే. ఫోన్ మాత్రం మొదటి రింగుకే ఎత్తుతున్నాను. నిన్న మధ్యాహ్నం ఈవిడే చేసింది.

"మేడమ్, అన్నం తిన్నారేటండీ?"

తిన్నానని అనబోయి, లేదన్నాను. షాపుకు వచ్చేయమంది. వెళ్ళాను.