అరుగు మీదే ఆడాను

ఇద్దరు పిల్లల తల్లి వీధి అరుగు మీద కూర్చుని వీడియో గేమ్ ఆడటం నాకు ముందు మా ఊళ్లో ఎవరూ చూడలేదు. చూశాక ఎవరూ ఊరుకోలేదు.

మా అన్నయ్య గుంటూరు యార్డు నుంచి చెన్నైకి లారీలో మిర్చి టిక్కీ బస్తాల లోడు తోలేవాడు. తిరిగొచ్చేటప్పుడు అక్కడి ఫారిన్ సరుకుల బజారులో టేపురికార్డరో, గొడుగో కొనుక్కొచ్చేవాడు. ఒకసారి చేతిలో పట్టుకుని ఆడే గేమ్ తెచ్చి పిల్లలకిమ్మన్నాడు. పిల్లలు కొన్నాళ్లు దానికోసం కొట్టుకుని, పత్తి కోసేసిన చేలో క్రికెట్ మొదలవగానే దాన్ని మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. పైనుంచి ముక్కలు పడుతుంటే తిప్పి తిప్పి వరసలు పేర్చే ఆట. పొద్దుటి నుంచి కళ్లంలో కూర్చుని ఎర్ర మిరపకాయల్లోంచి రంగుపోయిన తాలుకాయలు ఏరిన కళ్లకి, చేతులకి ఆ ఆట ఇట్టే పట్టుబడింది.

దాని తెరకి లైటు లేదు. గదిలో పెట్టుకుంటే మిట్టమధ్యాహ్నమైనా లోతు బావిలోకి తొంగి చూసినట్టుండేది. ఏదో కదులుతోందని తెలుస్తుంది, ఏమిటో తెలియదు. ఎందుకలా ఉందో సత్తెనపల్లి లైబ్రరీలో కాంతి గురించిన పుస్తకం తీసి చదువుకున్నాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా ఆ లైబ్రరీయే చెప్పింది. అలాంటి తెర తనంతట తాను వెలగదు. పైన పడ్డ వెలుగే లోపలికెళ్లి, అడుగునున్న అద్దానికి తగిలి మన కంటికి తిరిగొస్తుంది. అంటే ఎండ కావాలి, అదీ ఏటవాలుగా. మా ఇంట్లో అలాంటి ఎండ పడేది ఒక్క వీధి అరుగు మీదే. అందుకని పనయ్యాక చేతుల మంట పోయేలా మజ్జిగతో కడుక్కుని, నూనె రాసుకుని, సాయంత్రం ఎండలో అక్కడ కూర్చునేదాన్ని.

ఎదురింటావిడ నీళ్ల బిందెతో ఆగి అడిగేది.

"ఏమొదినా, అందులో మిర్చి రేటు చెప్తారా ఏంటి?"

"చెప్తారొదినా. నీకు మాత్రం చెప్పొద్దన్నారు."

మా ఆయనకి వేరే బాధ. అది రెండు పెన్సిల్ సెల్స్ తినేది. అవి అయిపోతే ఆయన రేడియోలోవి తీసేదాన్ని. వార్తల వేళకి రేడియో మూగబోతే ఆయన అరిచేవాడు. మా అత్తయ్య బాధ అన్నిటికంటే పెద్దది. "కోడలు వీధిలో కూర్చుని పిల్లాటలాడుతుంటే నేను నలుగురికీ మొహం ఎట్టా చూపించేదే?" అనేది.

ఈ మాట నాకు కొత్త కాదు. కాపురానికొచ్చిన కొత్తలో ఇదే అరుగు మీద లైబ్రరీ పుస్తకం చదువుతుంటే, ఇంట్లో పనిలేదనుకుంటారని ఆవిడే లోపలికి పంపింది. వెళ్లాను. ఏళ్ల తరబడి వంటింట్లో, పొగగూడు కింద పడే కాస్త వెలుగులో చదివాను. లైబ్రరీ ఆయన పుస్తకం వాసన చూసి, "ఏమ్మా, దీన్ని పోపు పెట్టారా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఇంటికి తిరిగొచ్చే బస్సులో మాత్రం నవ్వొచ్చేది కాదు.

తర్వాత ఒక పత్తి సీజన్లో అన్నయ్య కొత్త గేమ్ తెచ్చాడు. అదే కంపెనీది, పాతదాన్నే మార్చి చేసింది. పాతదాంట్లో పెట్టే ఆటల క్యాసెట్లన్నీ దీంట్లోనూ ఆడతాయి. ఇది మడతపడుతుంది, మూత వేస్తే తెర లోపలుంటుంది. పాతదాని తెర మీద మిరపదుమ్ము పడి, తుడిచి తుడిచి గీతలు పడింది. దీనికా బాధ లేదు. సెల్స్ అక్కర్లేదు, కరెంటున్నప్పుడు ఛార్జింగ్ పెడితే చాలు. అన్నిటికన్నా పెద్ద మార్పు, తెర అంచున లోపలెక్కడో చిన్న లైటు. తెర కింద బటన్ నొక్కితే వెలుగుతుంది, మళ్లీ నొక్కితే ఆరుతుంది. ఒక్కటే లోటు: ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం తీసేశారు. దానికి వేరే పిన్ను కొనాలట.

"ఇంక ఎండలో కూర్చోనక్కర్లేదమ్మాయ్. గదిలో దర్జాగా ఆడుకో," అన్నాడు అన్నయ్య.

అత్తయ్య దాన్ని చేతిలోకి తీసుకుని మూత తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. "నా తమలపాకుల పెట్టెలా ఉందే!" అని ముచ్చటపడింది. వెంటనే, "చాల్లే. ఇప్పటికైనా పరువు దక్కింది. లోపల ఏడువు," అంది. రేడియో సెల్స్ దక్కినందుకు మా ఆయన కూడా సంతోషించాడు.

లోపలే ఆడాను, కొన్నాళ్లు. రేటు రాలేదని ఆ ఏడు పత్తి అమ్మలేదు. గది నిండా, దూలాల దాకా పత్తే. గోడకీ పత్తికీ మధ్య మనిషి పట్టేంత సందులో కూర్చునేదాన్ని. తెర చక్కగా వెలిగేది, ముక్కలు స్పష్టంగా కనిపించేవి. ఆట బాగుంది, వస్తువు బాగుంది. ముక్కులోకి పత్తి నూగు పోయి తుమ్మొచ్చింది. తుమ్మి తలెత్తితే, బయట ఇంకా ఎండే గానీ గదిలో నా చుట్టూ చీకటి. అప్పుడు వంటిల్లు గుర్తొచ్చింది. ఆ లైటు పెట్టినవాడు ఎవడో గానీ, నన్ను దాచడానికి పెట్టి ఉండడు.

లేచి, చీరకంటిన పత్తి దులుపుకుని అరుగు మీదికొచ్చాను. ఆ చివర అత్తయ్య తన పెట్టె తెరిచి ఆకుకి సున్నం రాసుకుంటోంది. ఈ చివర నేను కూర్చుని నాది తెరిచాను.

"మళ్లీ వచ్చావా? లైటున్నది ఇచ్చాడుగా మీ అన్న!"

"మీ పెట్టె వీధిలో తెరవొచ్చు గానీ నా పెట్టె తెరవకూడదా అత్తయ్యా?"

"నేను ముసల్దాన్ని. ఎవరేమనుకుంటారే నన్ను?"

"నేనూ అవుతాగా. ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నా."

"నోరు పెరిగింది దీనికి," అని ఆవిడ ఆకు బుగ్గన పెట్టుకుంది. కానీ లేచి వెళ్లలేదు.

బిందెతో ఎదురింటావిడ ఆగనే ఆగింది. "కొత్తదంటగా వదినా? లైటు కూడా ఉందంటగా? మరి ఎండలోకెందుకొచ్చావ్?"

"ఉంది. కావాలంటే వేసుకుంటా, వద్దంటే ఆపుకుంటా. కూర్చునే చోటు మాత్రం నా ఇష్టం."

బటన్ నొక్కి లైటు ఆపాను. తెర మీద ఎండ చాలినంత పడుతోంది. పేర్చిన వరస నిండి టింగుమని మోగి మాయమైంది. ఇయర్‌ఫోన్ లేదు కదా, ఆ మోత అత్తయ్య దాకా, ఎదురింటిదాకా, వీధి మలుపు దాకా వినిపించి ఉంటుంది. సౌండు తగ్గించే మీట పక్కనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు.