భీమన్న పెట్టిన పేర్లు

ఖిల్లా ఘణపూర్ భీమన్నకు చిన్నప్పుడు మెదడు జ్వరం వచ్చింది. పోతూ పోతూ వినికిడిని వెంట తీసుకుపోయింది. మాట కూడా మెల్లగా పోయింది. చెప్పాలన్న ఆశ మాత్రం పోలేదు. ఇంట్లో ఎద్దులకూ, మేనత్తలకూ, కరెంటు బిల్లాయనకూ ఎవరికి తగ్గ చేతిసైగ వాళ్లకు పెట్టేశాడు.

వనపర్తి పీజీ కాలేజీలో ఎం.ఏ. చరిత్ర చదివే రోజుల్లో గద్వాల అమ్మాయి సౌందర్య అతనికి క్లాసులో నోట్సు రాసి చూపించేది. 2005లో ఆమే కొందరిని పోగేసి, వికలాంగ విద్యార్థుల కోసం ఒక సంఘం పెట్టింది. మొదటి పని భీమన్న సైగలు నేర్చుకోవడం. నేర్పడానికి వేరే మాస్టారు లేడు గనక భీమన్నే మాస్టారు.

‘పరీక్ష’, ‘లైబ్రరీ’ లాంటివి ఎవరికీ ఒక పట్టాన రాలేదు. లెక్చరర్ల పేర్లు మాత్రం ఒక్క పూటలో వచ్చేశాయి. నశ్యం పీల్చే సారుకు ముక్కు దగ్గర రెండు వేళ్లు. చరిత్ర చెప్పే ఆశీర్వాదం సారుకు సొంత వీపు తట్టుకోవడం. ప్రిన్సిపాల్ చంద్రశేఖర్ సారుకు, జారిపోతున్న ప్యాంటును రెండు చేతులా పైకి లాక్కోవడం. వారం తిరిగేసరికి కాలేజీ అంతా అవే వాడింది, అటెండర్ యాదయ్యతో సహా.

డిసెంబరులో వికలాంగుల దినం జరిపారు. పిల్లల సైగలు చూసి, సార్లకు భీమన్న సైగల్లో పేర్లు పెట్టాడని విని ప్రిన్సిపాల్ మురిసిపోయి, కుర్చీలోంచి లేచాడు.

“నాకు గూడ పేరు పెట్టిండా? జర చూపియ్యమ్మా.”

సౌందర్య గబుక్కున “గిదే సార్” అని రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

భీమన్న తప్పు పాఠాన్ని సహించే మాస్టారు కాదు. తల అడ్డంగా ఊపుతూ వేదిక ఎక్కి, ప్యాంటు పట్టుకుని పైకి లాగి చూపించాడు. సరిగ్గా అప్పుడే, లేచి నిలబడ్డ ప్రిన్సిపాల్ కూడా అదే పని చేస్తున్నాడు.

హాలు గొల్లుమంది. ప్రిన్సిపాల్ తన చేతుల వంక చూసుకున్నాడు.

“ఓహో! నేను వరండల పోతుంటె అందరు ప్యాంట్లు సర్దుకుంటున్నరు. నాకు సెల్యూట్ అనుకున్న!” అని, తానూ నవ్వేశాడు. “నా ఒక్కని ఇజ్జతే పోవాల్నా? మిగిలినోళ్లయి గూడ చూపియ్యమను.”

ముక్కు సారు వంతు అయిపోయింది. వీపు సారు వంతు వచ్చింది. ఆశీర్వాదం సారు అయోమయంగా లేచాడు.

“నాకు వీపెందుకమ్మా?”

భీమన్న చేతులు చకచకా కదిలాయి. సౌందర్య ఈసారి ఏమీ దాచలేదు.

“సార్, క్లాసుల మీ మొకం ఎన్నడు చూడలే అంటుండు. పెదాలు కనవడితె పాఠం సమజైతదంట. మీరు బోర్డు దిక్కు తిరిగి చెప్తరంట.”

“నేను మంచిగనే చెప్తున్న అనుకున్న గదమ్మా.”

భీమన్న మళ్లీ ఏదో సైగ చేశాడు. సౌందర్య నవ్వు ఆపుకుంటూ చెప్పింది. “బోర్డుకైతె మంచిగనే సమజైందంట సార్.”

అందరికంటే ముందు ఆశీర్వాదం సారే నవ్వాడు. కానీ ఆ మాట ఆయనకు తగిలింది. మర్నాడు క్లాసు వైపు తిరిగి, చెయ్యి వెనక్కి పెట్టి రాయబోతే అక్షరాలు వాలి నేలకు దిగాయి. కొన్నాళ్లకు ముందు రాసి, తర్వాత తిరిగి చెప్పడం అలవాటైంది. చెవులు బాగా వినపడేవాళ్లు కూడా పాఠం ఇప్పుడే అర్థమవుతోందని ఒప్పుకున్నారు.

భీమన్న పాసయ్యాడు. అయినా సంఘం పని మీద వనపర్తికి వస్తూనే ఉన్నాడు. మరుసటేడు బల్మూర్ నుంచి శ్రావణి అనే అమ్మాయి చేరింది, ఆమెకూ వినపడదు. సంఘంవాళ్లు సంబరంగా ఇద్దరినీ క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చోబెట్టారు. భీమన్న నీళ్లు కావాలా అని, బావిలోంచి తోడినట్టు చేదాడు. శ్రావణి అది కాదంటూ బోరింగు కొట్టి చూపించింది. అతను మళ్లీ చేదాడు. ఆమె మళ్లీ కొట్టింది. టీలు చల్లారిపోయినా ఇద్దరూ తగ్గలేదు. చివరికి సంఘం రెండు సైగలనూ ఒప్పుకుంది. అప్పట్నుంచి దాహమేస్తే ఎదుట ఉన్నది ఎవరో చూసుకుని మరీ నీళ్లు అడగాల్సి వచ్చేది.